దేవుడికి జొన్నలు పడవట

రాళ్ళపాలెం,
వినుకొండ తాలూకా,
12 జనవరి 1958

చెల్లి రాహేలుకు,

నీ కార్డు అందింది. నాలుగు ముక్కలు రాసి క్షేమమని తేల్చేశావు. నూరు మంది ఆడపిల్లలకు అన్నం పెట్టించే మేట్రనువి, నీకు తీరికెక్కడిదిలే. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ బావ మిరపతోట వదిలి ఇంటికి రావడం లేదు. కాపు బాగుంది, కాయ ఎర్రబడే దాకా తెగులు రాకపోతే అంతే చాలు.

అసలు సంగతి వేరే ఉంది. నన్ను మన గుడి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని చేశారు. నేనడగలేదు. అందరూ నా మొహమే చూశారు, ఏం చెయ్యను. చేసిన మొదటి పని గుప్పెడు బియ్యం బాగుచెయ్యడం. అమ్మ వంటకు గింజలు కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన ముంతలో వేసేది, ఆదివారం ఆ ముంత గుడికి తెచ్చి బుట్టలో పోసేది, గుర్తుందిగా. ఇప్పటికీ అంతే. పాస్టరు గారి ఇంటికి పోగా మిగిలింది లేనివాళ్ళకు పంచుతాం. కాని ఆ బుట్ట చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకామె జొన్నలు, ఒకామె వరిగలు, ఒకామె నూకలు, రాళ్ళు, అన్నీ కలిసిపోయి కోళ్ళు కూడా తినేట్టు ఉండేవి కాదు.

పైగా కొత్త పాస్టరు గారిది తెనాలి వైపు. ఆయన భార్య, మన పాస్టరమ్మగారు, నెలలు నిండుతున్న మనిషి, జొన్న సంగటి తింటే కడుపులో నొప్పి. అందుకని సమాజంలో చెప్పేశాను. ఇకమీదట బియ్యమే తేవాలి. ఎవరికి వారు తెచ్చింది చేటలో పోసి అందరికీ చూపించి, తర్వాతే బుట్టలో పొయ్యాలి. దేవుడికి ఇచ్చేది దాచుకుని ఇవ్వడం దేనికి? మూడు ఆదివారాల్లో బుట్ట తెల్లగా మల్లెపూలలా అయిందంటే నమ్ము. పాస్టరు గారు ప్రసంగంలో నా పేరు కూడా చెప్పారు. మీ బావ ఇంటికొచ్చి ఇక నీతో వేగడం కష్టమే అన్నారు.

ఇంకొకటి. మీ బోర్డింగులో మన గుడికి ఏటా ఒక పిల్లకు ఉచితంగా ఇచ్చే సీటుకు ఈసారి పేరు పంపాల్సింది నేనే. విశ్రాంతమ్మ కూతురు సలోమిని అనుకుంటున్నాను. మొగుడు పోయిన మనిషి, ఒక్కతే కూతురు. పదకొండేళ్ళ పిల్ల గుడిలో వాక్యం చదువుతుంటే పెద్దవాళ్ళు కూడా నోరు మూసుకుని వింటారు. ఈ మధ్య కాస్త చిక్కింది, జ్వరమేమో.

మీ అక్క,
దీనమ్మ

*

బ్రాడీపేట, గుంటూరు,
28 జనవరి 1958

అధ్యక్షురాలు అక్కయ్యకు,

నీ ఉత్తరం చదువుతుంటే నీ గొంతు వినపడింది. ఎందుకు నవ్వుతున్నారమ్మా అని వంటవాళ్ళు అడిగితే, మా అక్క ఒక ఊరినంతా చేటలో పోసి చెరుగుతోంది అని చెప్పాను.

కోప్పడకు, ఒక మాట అడుగుతాను. మన ఊళ్ళో బియ్యం వండుకునే ఇళ్ళు ఎన్ని? అది మాగాణి దేశం కాదు కదా. అమ్మ ముంతలో ఉండేవి జొన్నలే. బియ్యం ముఖం మనం క్రిస్మసుకు చూసేవాళ్ళం. పాస్టరమ్మగారి కడుపునొప్పి నాకు అర్థమవుతుంది, కాని మిగతా ఆడవాళ్ళు బియ్యం ఎక్కడి నుంచి తెస్తున్నారు? నువ్వక్కడ ఉన్నావు, నీకు తెలిసే ఉంటుంది.

సలోమి సంగతి విని సంతోషించాను. విశ్రాంతమ్మ నాకు బాగా గుర్తు. పోయినేడు వినుకొండలో మహాసభలకు వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని, అమ్మా మా పిల్లకు చదువు చెప్పించు, నేను ఏ పనైనా చేసుకుంటాను అంది. పేరు ఏప్రిల్ నెలాఖరుకు అందాలి. ఈ ఏడు ఆ ఒక్క సీటే ఉంది, ఇంకొకటి అడిగినా ఇవ్వరు.

నీ చెల్లెలు,
రాహేలు

*

రాళ్ళపాలెం,
2 ఏప్రిల్ 1958

చెల్లికి,

మిరపకోతలు. ఇల్లంతా ఘాటు, దగ్గలేక చస్తున్నాం. అందుకే ఉత్తరం ఆలస్యమైంది. పాస్టరమ్మగారికి మగపిల్లాడు, ఇద్దరూ కులాసా.

నువ్వడిగిన దానికి జవాబు: బియ్యం ఎక్కడి నుంచో తెస్తున్నారు. ఇవ్వాలని మనసుంటే దొరుకుతుంది.

సీటుకు పేరు పంపుతున్నాను. కాంతమ్మ, మీ బావ చెల్లెలి కూతురు, పన్నెండేళ్ళు. సలోమిని పంపడానికి తల్లికి ఇష్టం లేదు. ఒక్క పిల్లను వదిలి ఉండలేనంది. మనమేం చేస్తాం. కాంతమ్మ కూడా మంచి పిల్లే, కాస్త బద్ధకం. సంతకాలన్నీ అయిపోయాయి, కాగితం ఇందులోనే పెట్టాను.

కోతలవాళ్ళు పిలుస్తున్నారు. ఉంటాను.

దీనమ్మ

*

గుంటూరు,
20 ఏప్రిల్ 1958

అక్కయ్యకు,

కాగితం అందింది. కాంతమ్మ పేరు పుస్తకంలో ఎక్కించాను.

ఎక్కించేశాక కూడా నా మనసు కుదుటపడలేదు. పంపడం ఇష్టం లేదని విశ్రాంతమ్మ నీతో అందా? తన నోటితోనే అందా? నువ్వు ఉత్తరం రాస్తే మూడు పేజీలకు తక్కువ రాయవు, ఈసారి అర పేజీ. నీ దగ్గర ఏదో ఉంది, నాకు చెప్పడం లేదు. చిన్నప్పుడు అమ్మ కుండ నువ్వు పగలగొట్టినప్పుడు కూడా ఇలాగే పొట్టిగా మాట్లాడావు.

రాహేలు

*

రాళ్ళపాలెం,
3 మే 1958

రాహేలుకు,

గుంటూరులో కూర్చుని నన్ను విచారణ చేస్తున్నావా? చెబుతాను విను.

విశ్రాంతమ్మ ఏ ఆదివారం చూసినా నిండుగా సోలెడు బియ్యం తెచ్చేది. అదీ ఎలాంటి బియ్యం, బాగా దంపిన సన్నబియ్యం, మా ఇంట్లో కూడా అలాంటివి లేవు. మిరపకాయల వ్యాపారం మొహిద్దీన్ బాషా గారింట్లో ఆమె శుక్రవారం శుక్రవారం వడ్లు దంచుతుంది, తొడిమలు తీస్తుంది. కూలికి పోయే ముండమోపికి అంత బియ్యం ఎక్కడివి? నేనే కాదు, సమాజంలో వెంకటరావమ్మా అంది, సుబ్బరావమ్మా అంది. రోలు దగ్గర నుంచి కొంగున కట్టుకొస్తోందని అందరి అనుమానం. దొంగ సొమ్ము దేవుడి బుట్టలో పోస్తుంటే అధ్యక్షురాలిని నేను చూస్తూ ఊరుకోవాలా?

మార్చి నెల రెండో ఆదివారం ఆమె చేట పట్టుకున్నప్పుడు అందరి ముందూ అడిగాను. ఈ బియ్యం ఎక్కడివో చెప్పి పొయ్యి అన్నాను. ఆమె మాట్లాడలేదు. మళ్ళీ అడిగాను. తల వంచుకుని నిలబడింది. చేట కింద పెట్టి, సలోమి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గుడికి రాలేదు. తప్పు చెయ్యని మనిషైతే నోరు తెరిచి చెప్పేది కాదా?

దొంగ అనిపించుకున్న మనిషి కూతురి పేరు గుడి తరపున ఎలా పంపను? ఇష్టం లేదన్నదని నీకు అబద్ధమే రాశాను. ఆమె పరువు కోసమే అనుకో. కాంతమ్మ మా ఆడబిడ్డ కూతురు కావడం నా తప్పా?

దీనమ్మ

*

గుంటూరు,
22 జూన్ 1958

అక్కయ్యకు,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. జవాబు రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను. కోపంతో కాదు. సిగ్గుతో.

నీ అబద్ధం నాకు ఏప్రిల్లోనే తెలుసు. నా చెయ్యి పట్టుకుని బతిమాలిన మనిషి అంతలోనే వద్దనదు. తెలిసే కాంతమ్మ పేరు ఎక్కించాను. ఒక కార్డు రాసి ఆ కాగితం ఆపి ఉండొచ్చు. బావ చెల్లెలి కూతురు, ఇంట్లో మాట వస్తుంది, అక్కకు కోపం వస్తుంది అనుకున్నాను. ఎక్కించాక నీకు అనుమానంగా ఉత్తరం రాశాను, నా మనసుకు నేను మంచిదాన్ని అనిపించుకోవడానికి. కాంతమ్మ మొన్న వచ్చి చేరింది. ఆ పిల్ల పెట్టె నేనే సర్దిపెట్టాను.

ఒక్కటి అడుగుతాను. దొంగతనం జరిగిందంటే వస్తువు పోయినవాళ్ళు ఉండాలి. బాషా గారింట్లో బియ్యం పోయాయని ఎవరైనా అన్నారా? మీలో ఒక్కరైనా వాళ్ళనడిగారా?

రాహేలు

*

రాళ్ళపాలెం,
14 జూలై 1958

చెల్లీ,

అడగలేదే. ఎవ్వరం అడగలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజంతా నిన్ను తిట్టుకున్నాను. మర్నాడు మీ బావకు చెప్పకుండా బాషా గారింటికి వెళ్ళాను. ఆయన భార్య రసూల్‌బీ మంచి మనిషి, మంచం వాల్చి కూర్చోమంది. డొంకతిరుగుడుగా మొదలుపెట్టాను, ఈ మధ్య మీ ఇంట్లో గింజలు ఏమైనా తగ్గుతున్నాయా అని. ఆమెకు అర్థం కాలేదు. విశ్రాంతమ్మ పేరు చెప్పాను. అప్పుడు నా మొహం వంక చూసి నవ్వడం మానేసింది.

వాళ్ళు విశ్రాంతమ్మకు దంపుడు కూలి జొన్నలే ఇచ్చేవాళ్ళట, వారానికి నాలుగు సోలలు. తల్లీ కూతురూ తినేది ఆ జొన్నలే. డిసెంబరులో ఆమె వచ్చి, అమ్మా నాకు సగం జొన్నలు చాలు, మిగతా సగానికి బియ్యం ఇవ్వండి అని అడిగిందట. రెండు సోలల జొన్నలకు ఒక సోల బియ్యం. పిల్ల అన్నం అడుగుతోంది కాబోలనుకుని రసూల్‌బీ ఇంట్లో తినే సన్నబియ్యమే కొలిచి ఇచ్చిందట. నాలుగు వారాలు పోయాక, పిల్లకు ఇష్టంగా ఉందా అని అడిగితే, మేం తినడానికి కాదమ్మా, గుడికి అని చెప్పిందట.

రసూల్‌బీ నాతో అన్న మాట ఇది. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. "మీ దేవుడికి జొన్నలు పడవంటగా అమ్మా?"

 పాస్టరమ్మగారికి పడవు అన్న మాట దేవుడికి పడవు అయింది. అలా చేసింది నేనే. ఆ మనిషి తన తిండి సగం తగ్గించుకుని, తన ఇంట్లో ఎన్నడూ వండని గింజలు తెచ్చి, నా ముందు చేటలో పోసింది. నేను దొంగ అన్నాను. మా ఇంట్లో బియ్యం వండుకోం అని పదిమందిలో చెప్పలేక తల దించుకుంది. ఆ సిగ్గును నేను తప్పు కింద లెక్కగట్టాను. పిల్ల చిక్కింది, జ్వరమేమో అని నీకు రాశానే. జ్వరం కాదు. ఆ తిండి నా బుట్టలోకి వచ్చింది.

ఇంటికొచ్చి సుబ్బరావమ్మను పిలిచి నిలదీశాను. మొదట నసిగింది, తర్వాత ఏడ్చింది. అందరూ అంతేనట. జొన్నలు షావుకారు కొట్లో పోసి, సగానికి సగం బియ్యం తెచ్చుకునేవాళ్ళట. ఒకరికి తెలియకుండా ఒకరు. మరి విశ్రాంతమ్మను ఎందుకన్నారు అంటే, మావి ముక్కిన బియ్యం, ఆమెవి తెల్లగా ఉన్నాయి, చూస్తే మాకు చిన్నతనంగా ఉండేది అంది.

నాకు తెలియదని నీకు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. కొట్టుకు జొన్నలు మోసుకెళ్ళే ఆడవాళ్ళను ఒకటి రెండు సార్లు చూశాను. ఎందుకో అడగలేదు. అడిగితే నా తెల్లటి బుట్ట పోతుందని అడగలేదు. నువ్వు జనవరిలోనే అడిగావు, నీ మీద విసుక్కున్నాను.

 ఏం చెయ్యమంటావు చెప్పు. ఈసారి నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

నీ అక్క,
దీనమ్మ

*

గుంటూరు,
21 జూలై 1958

అక్కయ్యకు,

ఎక్కడ నిలబడి ఆ మాట అన్నావో అక్కడే నిలబడి తప్పని చెప్పు. తర్వాత ఆమె ఇంటికి వెళ్ళు. బావను తీసుకెళ్ళకు, పాస్టరు గారిని తీసుకెళ్ళకు. ఒక్కదానివే వెళ్ళు. ఏమీ పట్టుకెళ్ళకు. బియ్యం అసలే వద్దు.

కాంతమ్మ సీటు ఇప్పుడు మార్చడానికి లేదు. ఆ పిల్ల తప్పేమీ లేదు కూడా. నేను మా బోర్డింగు పెద్ద దొరసాని గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా, నా భాగంతో సహా, చెప్పాను.  చివరికి సలోమి నా గదిలో ఉండి మిగతా పిల్లలతో బడికి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. తిండి బోర్డింగుది కాదు, నాది. గది చిన్నది, ఇద్దరికి సరిపోతుంది. ఇది మనం చేసే ఉపకారమని విశ్రాంతమ్మతో అనకు. అంటే ఆమె పంపదు, పంపకపోవడమే న్యాయం.

రాహేలు

*

రాళ్ళపాలెం,
17 ఆగస్టు 1958

రాహేలూ,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చే పిల్లే సలోమి.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న మూడో తేదీ ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. విశ్రాంతమ్మ దొంగ కాదు, ఆ బియ్యం ఆమె కూలి, ఆమె తిండి, నేను ఏమీ విచారించకుండానే మాట అన్నాను, పిల్ల సీటు మా ఇంటి పిల్లకు ఇచ్చుకున్నాను అని చెప్పాను. ఇకమీదట ఎవరు ఏది వండుకుంటే దానిలోంచే గుప్పెడు తేవచ్చని, చేట ఉండదని, అధ్యక్షురాలి పదవికి వేరే మనిషిని చూసుకోమని చెప్పాను.  మా ఆడబిడ్డ లేచి వెళ్ళిపోయింది, అప్పటి నుంచి మా గడప తొక్కలేదు. పాస్టరమ్మగారు ఇంటికెళ్ళి ఏడ్చారట, నాకోసం ఇంతా అయిందా, ఒక మాట నాతో అంటే గంజి తాగేదాన్ని కదా అని. పాపం, ఆమెకూ తెలియదు.

అందరి ముందూ చెప్పాక గుండె బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. వినవలసిన మనిషి అక్కడ లేదు కదా.

సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు పుల్లలు విరుస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే అన్నీ చెప్పాను. క్షమించమని అడిగాను, కాళ్ళు పట్టుకోబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది. విరిచిన పుల్లలన్నీ ఒద్దికగా పేర్చింది. తర్వాత నెమ్మదిగా అంది. "బియ్యం ఇమ్మన్నారు, ఇచ్చాను. పిల్లకు సీటు లేదన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు ఇది కూడా నన్నే ఇమ్మంటున్నారా అమ్మా?"

నేను ఇచ్చేదాన్ననీ, వాళ్ళు పుచ్చుకునేవాళ్ళనీ ఇన్నాళ్ళూ అనుకున్నానే చెల్లీ. ఆ మాటతో నాకు నిలబడడానికి చోటు లేకపోయింది.

వెనక్కి తిరిగి వచ్చేస్తుంటే ఆమే పిలిచింది. ఊరంతా దొంగ అన్నా తనకు ఫర్వాలేదంది. గుడి నుంచి వెళ్ళిపోయిన వారానికి సలోమి ఒకరోజు పక్కన కూర్చుని అడిగిందట. నిజంగా తీశావా అమ్మా, తీస్తే చెప్పు, నేనెవరికీ చెప్పను, అని. లేదు అని చెప్పిందట. పిల్ల తల ఊపిందట. నమ్మి ఊపిందో, తల్లి మీద జాలితో ఊపిందో ఇప్పటికీ తెలియదంది. అది చెప్పేటప్పుడు మాత్రం విశ్రాంతమ్మ ఏడ్చింది.

నీ గది సంగతి చెప్పాను. వారం దాకా జవాబు లేదు. పోయిన సోమవారం తనే మా ఇంటికి వచ్చి, వాకిట్లోనే నిలబడి, పిల్లను పంపుతానంది. క్షమించానని అనలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. ఒక్కటే కోరింది. తను తియ్యలేదని సలోమికి నేనే చెప్పాలి. తను చెబితే తల్లి గనక అలాగే చెబుతుందనుకుంటుందట.

రెండుసార్లు ఆ పిల్లను దగ్గరకు పిలిచాను. రెండుసార్లూ మొహం చూడలేక, బాగా చదువుకోవాలమ్మా అని చెప్పి పంపేశాను. యాభై ఏళ్ళు వచ్చి పదకొండేళ్ళ పిల్లకు భయపడ్డాను. అందుకని రాస్తున్నాను. ఈ ఉత్తరం అంటించలేదు. బండి ఎక్కాక చదువుకొమ్మని చెప్పి ఆ పిల్ల చేతికే ఇస్తున్నాను. ఇక్కడి నుంచి రాసేది నీకు కాదు రాహేలూ.

సలోమీ, నువ్వు బాగా చదువుతావు. ఇది మెల్లగా, ఒకటికి రెండుసార్లు చదువుకో. మీ అమ్మ ఎవరింట్లోనూ ఏమీ తియ్యలేదు. ఆమె కష్టపడి తెచ్చినదే గుడికి ఇచ్చింది. ఆరోజు అందరి ముందూ ఆమె మాట్లాడకపోవడం తప్పు చేసినందుకు కాదు, మీ ఇంట్లో తిండి లేదన్న సంగతి నా వంటి వాళ్ళకు చెప్పుకోవడం ఇష్టం లేక. నీ కంచంలో సగం తీసినదాన్ని నేను. నీ సీటు తీసినదాన్ని నేను. మీ అమ్మను నువ్వు అలా అడిగేట్టు చేసినదాన్ని కూడా నేనే.

గుంటూరులో దిగగానే మీ అమ్మకు ఒక కార్డు రాయి. ఆమెకు చదవడం రాదు. రసూల్‌బీ గారింట్లో చదివించుకుంటుంది, నా దగ్గరకు తీసుకురాదు. అందులో ఏం రాయాలో నీకు తెలుసు.

దీనమ్మ